టాంజానియాలో నెల రోజులు పాఠాలు చెప్పడానికి లక్షన్నర కట్టాలా?

అమ్మా, మీ ప్రశ్న చదివాను. ఇది చదివే మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు మీరు రాసింది క్లుప్తంగా చెప్తాను. మీరు బీఎస్సీ మ్యాథ్స్, బీఎడ్ చేసి వరంగల్‌లో ఒక ప్రైవేటు హైస్కూల్లో నాలుగేళ్లుగా తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెప్తున్నారు. ఆఫ్రికాలో కొన్నాళ్లు పిల్లలకు చదువు చెప్పాలని ఎప్పటినుంచో కోరిక. ఇంటర్నెట్‌లో ఒక సంస్థ కనిపించింది. టాంజానియాలో ఆరూషా దగ్గర నెల రోజులు, ఉదయం బడిలో ఇంగ్లీషు, సాయంత్రం అనాథాశ్రమంలో పిల్లలతో ఆటలు. ఫీజు లక్షన్నర, విమానం టికెట్ మీదే. వీసా టూరిస్టుది తీసుకుంటే చాలన్నారు. దాంతోపాటు స్నేహితుల దగ్గర చందాలు పోగుచేసి అక్కడ ఒక లైబ్రరీ పెట్టించాలని మీ ఆలోచన. వెళ్లొచ్చా, వెళ్తే ఏం సిద్ధం చేసుకోవాలి అని అడిగారు.

నేను ఖమ్మం జిల్లాలో జడ్పీ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాక, టాంజానియాలో ఇరింగా వైపు ఒక ప్రభుత్వ సెకండరీ స్కూల్లో కొన్నేళ్లు పనిచేశాను. అలా వెళ్లాలనుకునే వాళ్లకి ఇప్పటికీ సలహాలు చెప్తుంటాను. నా జవాబు ఇది. ఈ ప్రోగ్రాంకి వెళ్లకండి. టాంజానియా వెళ్లే ఆలోచన మాత్రం మానుకోకండి. వెళ్తే ఒక పూర్తి విద్యా సంవత్సరానికి వెళ్లండి, అదీ ఇంగ్లీషు టీచరుగా కాదు, లెక్కల టీచరుగా.

ముందు వీసా సంగతి. టూరిస్టు వీసా మీద వెళ్లి బడిలో పాఠం చెప్పడం అక్కడి చట్టం ఒప్పుకోదు. జీతం తీసుకోకపోయినా అది పని కిందే లెక్క. టాంజానియాలో రెసిడెన్స్ పర్మిట్లు మూడు రకాలు. పెట్టుబడి పెట్టేవాళ్లకి క్లాస్ ఎ, ఉద్యోగానికి వచ్చేవాళ్లకి క్లాస్ బి, వాలంటీర్లు, మిషనరీలు, విద్యార్థులు, పరిశోధకుల వంటివాళ్లకి క్లాస్ సి. మిమ్మల్ని పిలిచే సంస్థే అక్కడ దరఖాస్తు పెట్టి క్లాస్ సి తెప్పించాలి. దానికి డబ్బు ఖర్చవుతుంది, కాగితాలు కావాలి, సమయం పడుతుంది. అందుకే నెల రోజుల ప్రోగ్రాంలు అమ్మేవాళ్లు ఆ జోలికి పోరు. ఎప్పుడైనా ఇమిగ్రేషన్ వాళ్లు తనిఖీకి వస్తే పట్టుబడేది మీరు, వాళ్లు కాదు. లక్షన్నర తీసుకుని పర్మిట్ ఊసెత్తని సంస్థ మిగతా విషయాల్లో నిజాయితీగా ఉంటుందని నేననుకోను.

రెండోది, నెల రోజులు. మీరు టీచరే కాబట్టి మీకు వేరే చెప్పనక్కర్లేదు. జూన్‌లో కొత్త సెక్షన్ ఇస్తే పిల్లల పేర్లు నోటికి రావడానికే రెండు మూడు వారాలు పడుతుంది. ఎవరికి భిన్నాలు రావు, ఎవరు పక్కవాడి నోట్సు చూసి రాస్తున్నారు అని తెలిసేసరికి దసరా వస్తుంది. అది మన ఊళ్లో, మన భాషలో. అక్కడ మీ యాస పిల్లలకు అలవాటవడానికే నెల చాలదు. ఒకరి తర్వాత ఒకరు నెలకో వాలంటీరు వచ్చే బడిలో పిల్లలు రంగుల పేర్లు, శరీర భాగాలు, రెండు ఇంగ్లీషు పాటలు మళ్లీ మళ్లీ నేర్చుకుంటారు. వచ్చిన ప్రతివాళ్లూ మొదటినుంచే మొదలుపెడతారు కదా. ఆరూషా, మోషీ ఊళ్లలో ఈ గొడవ మరీ ఎక్కువ. కిలిమంజారో, సెరెంగెటీ చూడటానికి వచ్చే విదేశీయులంతా ఆ ఊళ్లమీదుగానే వెళ్తారు. నెల రోజులు సేవ, తర్వాత నాలుగు రోజుల సఫారీ అని కలిపి అమ్మడం తేలిక. టీచర్లు దొరకని బళ్లు చాలావరకు ఆ దారిలో ఉండవు. దక్షిణాన లిండి, ఎంట్వారా లాంటి చోట్ల ఉంటాయి. ఎంట్వారా అంటే మీకు తెలియకపోవచ్చు. మన దేశంలో ప్రాసెసింగ్‌కి వచ్చే పచ్చి జీడిగింజల్లో ఎన్నో ఆ వైపునుంచి ఓడలెక్కినవే. సఫారీ బస్సులు మాత్రం అటు పోవు.

అనాథాశ్రమం భాగానికైతే ససేమిరా ఒప్పుకోకండి. ఇది టాంజానియా ఒక్కదాని గురించే అంటున్నది కాదు. కంబోడియాలో లెక్కలు తీసినప్పుడు అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో నలుగురిలో సుమారు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారని తేలింది. నేపాల్‌లో కూడా పిల్లల్ని చదువు ఆశ చూపి కొండ ఊళ్లనుంచి తెచ్చి, విదేశీయుల ముందు అనాథలుగా చూపించిన సంగతులు బయటపడ్డాయి. విదేశీయులు డబ్బు కట్టి వస్తుంటే ఆ గదులు నిండుగా ఉంచాల్సిన అవసరం ఎవరికో ఒకరికి పుడుతుంది. ఇదంతా పక్కన పెట్టినా, రోజూ సాయంత్రం ఒడిలో కూర్చోబెట్టుకుని నెల తిరగ్గానే వెళ్లిపోయే మనుషులు ఏడాదికి పన్నెండు మంది వస్తుంటే ఆ పసివాళ్ల మనసు ఏమవుతుంది? మీ పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ అడగకుండా మిమ్మల్ని పిల్లల దగ్గరికి పంపించే చోటు ఇంకెవరినైనా కూడా అలాగే పంపిస్తుంది. అది గుర్తుపెట్టుకోండి.

ఇక ఇంగ్లీషు కాదు లెక్కలు అని ఎందుకన్నానంటే, టాంజానియాలో టీచర్లే లేరనుకోవడం పొరపాటు. తెలుగు రాష్ట్రాల్లో డీఎస్సీ కోసం ఎదురుచూసేవాళ్లు ఉన్నట్టే, అక్కడా టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి ప్రభుత్వ పోస్టు కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్నవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది చరిత్ర, అక్కడి జాతీయ భాష కిస్వాహిలి, ఇంగ్లీషు, భూగోళం చదివినవాళ్లు. కరువంతా లెక్కలకీ సైన్సుకీ. పదకొండేళ్ల చదువు తర్వాత ఫారం ఫోర్ చివర జాతీయ పరీక్ష ఉంటుంది, మన పదో తరగతి పబ్లిక్ లాంటిదే. చాలా ఏళ్లపాటు ఆ పరీక్షలో లెక్కలు పాసైనవాళ్లు ఐదోవంతుకి అటూ ఇటూగానే ఉన్నారు. కాబట్టి మీరు ఇంగ్లీషు చెప్పడానికి వెళ్తే ఆ ఊరి నిరుద్యోగి చేయగలిగిన పని చేస్తున్నట్టు. లెక్కలు చెప్తే నిజంగా ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నట్టు.

ఆ ఐదోవంతుకి కారణం పిల్లల తెలివి తక్కువై కాదు. ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మీ ఉపయోగం అంతా ఇక్కడే ఉంది. నేను చూసిన పద్ధతిలో ప్రభుత్వ ప్రాథమిక బడి ఏడేళ్లు, అంతా కిస్వాహిలిలో. జూలియస్ న్యెరెరె కాలంనుంచీ అంతే. ఆయన స్వయంగా బడి పంతులు. దేశమంతా ఆయన్ని ఇప్పటికీ మ్వలిము అనే పిలుస్తారు, అంటే టీచరుగారని. వందకు పైగా తెగల భాషలున్న దేశాన్ని ఒక్క భాష కింద కలిపి ప్రాథమిక విద్యని ఊరూరికీ తీసుకెళ్లింది ఆ తరమే. చిక్కంతా తర్వాత మొదలవుతుంది. జనవరిలో ఫారం వన్‌లో, అంటే సెకండరీ మొదటి తరగతిలో, అడుగుపెట్టగానే కిస్వాహిలి తప్ప అన్ని సబ్జెక్టులూ ఇంగ్లీషులోకి మారిపోతాయి. పుస్తకం ఇంగ్లీషు, బోర్డు ఇంగ్లీషు, పరీక్ష ఇంగ్లీషు. మొదట్లో కొన్ని వారాలు ఇంగ్లీషు ఆరంభ కోర్సు ఒకటి నడుపుతారు. ఏడేళ్లు తెలుగు మీడియంలో చదివిన పిల్లకి నెలన్నర ఇంగ్లీషు చెప్పి ఎనిమిదో తరగతి ఫిజిక్స్ పుస్తకం చేతికిస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు, నాకూ తెలుసు.

మొదటి రోజుల్లో నేను బోర్డు మీద కూడికలు, తీసివేతలు, భిన్నాలు రాసిస్తే క్లాసు టకటకా చేసేసేది. అదే లెక్కని రెండు వాక్యాల ఇంగ్లీషులో రాస్తే ఎనభైమందిలో పదిమంది కూడా కలం కదిపేవాళ్లు కాదు. వాళ్లకి రానిది లెక్క కాదు. ‘రిమైండర్’, ‘ప్రోడక్ట్’, ‘ఎట్ లీస్ట్’ అన్న మాటలు. అందుకని క్లాసు గోడకి ఒక చార్టు కట్టాం. ఒక వరసలో ఇంగ్లీషు మాట, పక్కన కిస్వాహిలి, ఆ పక్కన చిన్న ఉదాహరణ. కూడటం జుమ్లిషా, తీసెయ్యడం తోఆ, గుణించడం జిదిషా, భాగించడం గవాన్యా. పిల్లలే రాశారు, అక్కడి లెక్కల టీచరు తప్పులు దిద్దారు. తెలుగునాట 2020 తర్వాత ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా వచ్చిన పాఠ్యపుస్తకాలు మీరు చూసే ఉంటారు. ఆ పద్ధతిని అక్కడి స్టాఫ్ రూమ్‌లో వివరిస్తే అందరూ ఆసక్తిగా విన్నారు. మాధ్యమం మారేటప్పుడు పిల్లలు ఎక్కడ జారిపోతారో ఇంగ్లండు నుంచో అమెరికా నుంచో వచ్చిన వాలంటీరుకి ఊహకందదు. తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌లో ఇంగ్లీషుకి మారిన టీచరుకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మీకు అక్కడ పనికొచ్చే అసలు అర్హత ఇదే. సర్టిఫికెట్లు దీని తర్వాతే.

పాఠంలో రాసే లెక్కలు కూడా ఆ ఊరివే అయి ఉండాలి. రైలు, ప్లాట్‌ఫారం లెక్కలు ఇరింగాలో ఎవరికి పడతాయి? దలదలా అనే మినీబస్సులో టికెట్, మొక్కజొన్న బస్తాలు, దేబే లెక్కలు పెట్టండి. దేబే అంటే ఇరవై లీటర్ల రేకు డబ్బా. సంతలో ధాన్యం దాంతోనే కొలుస్తారు. ఎన్ని దేబేలైతే బస్తా నిండుతుందో ఆడపిల్లలు నోటితో చెప్పేస్తారు. అక్కడినుంచి నిష్పత్తికి రావడం తేలిక. పరీక్షల పాత పేపర్లు జాతీయ పరీక్షల మండలి, అంటే నెక్టా, వెబ్‌సైట్‌లో పెడుతుంది. వెళ్లకముందే ఓ ఐదేళ్ల పేపర్లు దింపుకుని చేసి చూడండి. సిలబస్ మన తొమ్మిది, పది, ఇంటర్ మొదటి ఏడాదికి దగ్గరగానే ఉంటుంది. లాగరిథమ్ టేబుళ్లు మీకు గుర్తులేకపోతే మళ్లీ పట్టుకోండి, క్యాలిక్యులేటర్ ఇవ్వని పేపర్లలో అవే దిక్కు.

ఇప్పుడు టీచర్లతో సంబంధం. వాలంటీరు వచ్చారనగానే హెడ్మాస్టరు ఆనందంగా టైంటేబుల్ అంతా మీకు రాసిచ్చేస్తారు. మీరూ పొంగిపోయి వారానికి ముప్పై పీరియడ్లు తీసుకుంటారు. అక్కడున్న ఒక్క లెక్కల టీచరుకి ఆ ఏడాది విశ్రాంతి. మీరు విమానమెక్కిన మర్నాడు పరిస్థితి మళ్లీ మొదటికొస్తుంది. అందుకని చేరిన రోజే అడగండి. ‘కొన్ని క్లాసులు నేనూ మీ టీచరూ కలిసి చెప్తాం, పాఠం ఇద్దరం కలిసి రాసుకుంటాం’ అనండి. స్థానికంగా ఇంకొకరు కూడా ఉంటారు, వాళ్ల గురించి బయటివాళ్లకి తెలీదు. డిగ్రీ చేసి పోస్టు రాని ఆ ఊరి కుర్రాళ్లు, అమ్మాయిలు తల్లిదండ్రులు వేసుకున్న చందాల్లోంచి కాస్త గౌరవ వేతనం తీసుకుని పాఠాలు చెప్తుంటారు. మన విద్యా వాలంటీర్ల లాంటివాళ్లు. కొన్ని బళ్లు నిజానికి వాళ్ల మీదే నడుస్తున్నాయి. వాళ్లని పట్టుకోండి. మీరు చార్టు ఎలా కట్టారు, వెనక బెంచీలవాళ్లని బోర్డు దగ్గరికి ఎలా రప్పించారు అన్నది వాళ్లు మీ తర్వాత ఇరవయ్యేళ్లు వాడతారు. నిజం చెప్పాలంటే మీ లక్షన్నర ఆ సంస్థకి కాకుండా అలాంటి ఒకమ్మాయి గౌరవ వేతనానికి వెళ్తే చాలా నెలలు వస్తుంది.

బెత్తం గురించి ముందే చెప్తున్నాను, లేకపోతే మొదటి వారంలోనే టెన్షన్ పడతారు. టాంజానియా బళ్లలో పిల్లల్ని కొట్టడం చట్టప్రకారం నిషేధం కాదు. నియమాల ప్రకారం హెడ్మాస్టరు గానీ ఆయన అనుమతించిన టీచరు గానీ కొట్టాలి. వాస్తవంలో చాలామంది టీచర్ల చేతిలో ఫింబో, అంటే కర్ర, కనిపిస్తుంది. మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టం దాన్ని నిషేధించింది. చట్టం వచ్చాక కూడా మన బళ్లలో ఏం జరుగుతోందో మీరు చూస్తున్నదే, కాబట్టి ఉపన్యాసం ఇచ్చే హోదా మనకి లేదు. మీరు చేయగలిగింది ఒకటి. మీ క్లాసులో అల్లరి చేసినవాణ్ణి, హోంవర్క్ తేనివాణ్ణి డిసిప్లిన్ మాస్టరు దగ్గరికి పంపకండి. పంపితే ఏం జరుగుతుందో మీకు తెలుసు, ఆ దెబ్బలు మీరు వేయించినవే అవుతాయి. కర్ర లేకుండా ఎనభైమందిని కూర్చోబెట్టగలిగితే, అదెలాగని అడగడానికి తోటి టీచర్లే వస్తారు. ఆలస్యంగా వచ్చే పిల్లల్ని తిట్టేముందు వాళ్లు ఎంతదూరం నడిచొస్తున్నారో కూడా కనుక్కోండి.

మీరు లైబ్రరీ అన్నారు. పిల్లలు చదువుకోవాలన్న కోరిక మంచిదే. హైదరాబాద్‌లో పుస్తకాలు పోగుచేసి కంటైనర్‌లో పంపడం మాత్రం వద్దు. మన సీబీఎస్ఈ గైడ్లు, పాత ఇంగ్లీషు నవలలు అక్కడ అటక మీద చెదలు పడతాయి. అక్కడ పాఠ్యపుస్తకాలు తయారుచేసేది టాంజానియా విద్యా సంస్థ. ఆ పుస్తకాలూ, కిస్వాహిలి కథల పుస్తకాలూ దార్ ఎస్ సలామ్‌లోనో దగ్గరి పట్నంలోనో కొంటే రవాణా ఖర్చుండదు, ఆ ఊరి కొట్టువాడికి వ్యాపారం అవుతుంది, పిల్లలు నిజంగా తెరుస్తారు.

అంతకంటే ముందు, లైబ్రరీ కావాలని ఎవరన్నారు? ఊరన్నదా, మీరన్నారా? ఇది కటువుగా అడుగుతున్నాననుకోకండి. అక్కడ వార్డు అంటే కొన్ని ఊళ్లు కలిసిన పాలనా భాగం. ఇరింగా వైపు ఏ వార్డు సెకండరీ స్కూలుకి వెళ్లినా పైకప్పు లేని గోడలు ఒకటో రెండో కనిపిస్తాయి. వాటిని బోమా అంటారు. 2004 తర్వాత ప్రతి వార్డుకీ ఒక సెకండరీ స్కూలు అని ప్రభుత్వం ఉద్యమంలా మొదలుపెట్టింది. ఊరివాళ్లు ఇటుకలు కాల్చి, ఇసుక మోసి, చందాలు వేసుకుని గోడలు లేపాలి, ఆ తర్వాత పైకప్పు, తలుపులు ప్రభుత్వం చూస్తుంది. ఇదీ ఏర్పాటు. తర్వాత అధ్యక్షుడు కిక్వెటె కాలంలో ప్రతి స్కూలుకీ మూడేసి సైన్సు ల్యాబులు కట్టాలన్నారు. మళ్లీ చందాలు, మళ్లీ గోడలు. 2016 నుంచి ఫారం ఫోర్ వరకు ఫీజులు తీసేయడంతో పిల్లలు వెల్లువలా వచ్చారు, గదులు చాల్లేదు. ఇలా ఊరు చెమటోడ్చి లేపిన గోడలు పైకప్పు కోసం ఏళ్లతరబడి ఎండకి ఎండి వానకి తడుస్తుంటాయి. ఎవరో విదేశీయులు వచ్చి వాటి పక్కనే రంగులేసిన కొత్త లైబ్రరీ కట్టి, గోడ మీద తమ పేరు రాయించుకుని వెళ్తే ఇటుకలు మోసినవాళ్లకి ఎలా ఉంటుంది? మీ స్నేహితుల డబ్బుతో ఆ బోమా మీదకి రేకులు, దూలాలు కొనివ్వండి. ఎవరి పేరూ అక్కర్లేదు. తర్వాత అందులో ఒక మూల పుస్తకాల బీరువా పెట్టుకుంటారో లేదో వాళ్లే చూసుకుంటారు.

ఏది కావాలో తెలుసుకోవడానికి ఊరి సమావేశానికి వెళ్లి వెనక కూర్చోండి. స్కూలు బోర్డు ఉంటుంది, వార్డు అధికారి ఉంటాడు, తల్లిదండ్రుల మీటింగు ఉంటుంది. మొదటి ఆరు నెలలు నోరు మెదపకుండా వినండి. మేం విన్నప్పుడు వాళ్ల బాధ మధ్యాహ్నం భోజనం. పిల్లలు పొద్దున్నే ఇంట్లో ఏమీ తినకుండా నడిచి వచ్చేస్తారు. తల్లిదండ్రులు తలో ఇన్ని మొక్కజొన్నలు, చిక్కుడు గింజలు వేస్తే మకాండే అని రెండూ కలిపి ఉడికించి పెడతారు. గింజలు ఉన్నాయి, నీళ్లే కష్టం. వంటకి నీళ్లు ఆడపిల్లలు బకెట్లలో మోసుకొచ్చేవాళ్లు. వానలు బాగా పడే ఊరే, రేకుల కప్పు ఉంది, పట్టే తొట్టే లేదు. ఒక పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు, అక్కడ సిమ్‌ట్యాంక్ అంటారు, దాని కింద సిమెంటు గట్టు, కప్పు చుట్టూ నీళ్లు పట్టే రేకు కాలువ. గట్టు ఊరివాళ్లు కట్టారు, ట్యాంకు చందాల్లో వచ్చింది. ఫొటోలో చూడటానికి లైబ్రరీ అంత బాగుండదు. ఆడపిల్లలకి మాత్రం పొద్దున మొదటి క్లాసు మిస్సవడం తప్పింది.

డబ్బు ఎప్పుడూ మీ చేతిమీదుగా పోనివ్వకండి. స్కూలు బ్యాంకు ఖాతాలోకి పంపి, బోర్డు తీర్మానం, రసీదు తీసుకోండి. కొనుగోలు బాధ్యత స్కూలు కమిటీదే. విదేశీ బడికి ఇచ్చే చందాకి మన దగ్గర ఆదాయపు పన్నులో 80జి మినహాయింపు రాదని చందా ఇచ్చేవాళ్లకి ముందే చెప్పండి.

ఆడవాళ్లతో కలవడానికి మీకు మంచి దారి ఒకటుంది. వికోబా అని ఊరూరా పొదుపు సంఘాలు ఉంటాయి. మన డ్వాక్రా మహిళలు చూస్తే వెంటనే గుర్తుపడతారు. వారంవారం కూర్చుని వాటాలు కడతారు, డబ్బుని ఇనప పెట్టెలో పెడతారు. చాలాచోట్ల ఆ పెట్టెకి మూడు తాళాలు, మూడు తాళంచెవులు ముగ్గురి దగ్గర. మన సంఘాలు బ్యాంకు లింకేజీ దాకా ఎలా వచ్చాయి, వడ్డీ పుస్తకం ఎలా రాస్తారు అని మీ అమ్మగారి సంఘం పుస్తకం ఫొటోలు తీసుకెళ్లి చూపిస్తే చాలు, గంటలకొద్దీ మాట్లాడతారు. వాళ్లకి నేర్పడానికని వెళ్లకండి, వాళ్ల లెక్క మనకంటే శుభ్రంగా ఉండే చోట్లూ ఉన్నాయి. లెక్కల టీచరు కదా, పద్దు రాయడంలో సాయమడిగితే చేయండి.

వెళ్లే దారులు. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల విభాగం ఏ దశలోనూ ఫీజు తీసుకోదు, జీవన భృతి ఇస్తుంది. 18 నుంచి 26 ఏళ్లవాళ్లకి యూత్ విభాగం, 27 దాటితే స్పెషలిస్టు విభాగం. నేరుగా బడిలో పాఠం చెప్పే పోస్టులు అందులో తక్కువ, పోటీ ఎక్కువ. 1958లో బ్రిటన్‌లో మొదలైన వాలంటీర్ల సంస్థ వీఎస్ఓ (వాలంటరీ సర్వీస్ ఓవర్సీస్) అనుభవమున్న టీచర్లని, టీచర్లకి శిక్షణ ఇచ్చేవాళ్లని తీసుకుంటూ వచ్చింది. ఏ దేశంలో ఏ ఖాళీలున్నాయో వాళ్ల సైటులోనే చూడాలి. అమెరికాలో పౌరసత్వం ఉన్న మన తెలుగువాళ్ల పిల్లలెవరైనా ఇది చదువుతుంటే వాళ్లకి అమెరికా ప్రభుత్వం నడిపే వాలంటీర్ల సంస్థ పీస్ కోర్ ఉంది. సుమారు మూడు నెలల శిక్షణ, ఆపైన రెండేళ్ల పని. భారత పాస్‌పోర్టుతో అది కుదరదు. చర్చిలు నడిపే సెకండరీ స్కూళ్లు దక్షిణ ప్రాంతాల్లో చాలా ఉన్నాయి. వసతి, భోజనం ఇచ్చి పర్మిట్ వాళ్లే చూసుకునే చోట్లు వెతికితే దొరుకుతాయి. ఏ మతం వాళ్లనైనా తీసుకుంటారా, ప్రార్థనల్లో మీ పాత్ర ఏమిటి అని ముందే అడిగేయండి. దార్ ఎస్ సలామ్‌లో ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూళ్లు భారతీయ టీచర్లకి జీతమిచ్చి క్లాస్ బి మీద తీసుకుంటాయి. అది ఉద్యోగం, సేవ కాదు. ఇంట్లో అప్పులుంటే అందులో చేరి, సెలవుల్లో ఊరి బడికి వెళ్లండి, తప్పేం లేదు.

విద్యా సంవత్సరం జనవరిలో మొదలవుతుంది, జూన్‌లో ఒక సెలవు, డిసెంబర్‌లో ఒకటి. కాబట్టి జనవరికి అక్కడ ఉండేలా ఇప్పటినుంచే కాగితాలు కదపండి. పాస్‌పోర్టు ఆఫీసునుంచి పోలీసు క్లియరెన్స్, డిగ్రీ, బీఎడ్ సర్టిఫికెట్లకి నోటరీ, మీ స్కూలునుంచి అనుభవ పత్రం. ప్రైవేటు స్కూళ్లు రిలీవ్ చేసేటప్పుడు అనుభవ పత్రం దగ్గరే పేచీ పెడతాయి. రాజీనామా చెప్పకముందే తీసుకోండి.

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరిగా వేయించుకోండి. మీ విమానం ఆడిస్ అబాబా మీదుగానో నైరోబీ మీదుగానో వెళ్లే అవకాశం ఎక్కువ. అవి ఆ జ్వరం ముప్పున్న దేశాలు కాబట్టి, అక్కడ ఎక్కువ గంటలు ఆగితే టాంజానియాలో సర్టిఫికెట్ అడగొచ్చు. తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో అది లేకపోతే ఆరు రోజులదాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్లకుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, విశాఖలో పోర్టు ఆరోగ్య అధికారి కార్యాలయంలో వేస్తారు. టీకా వేసిన పదిరోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం. మలేరియాకి టీకా మీద ఆధారపడకండి. ముందుజాగ్రత్త మాత్రల గురించి డాక్టర్ని అడగండి, దోమతెర వాడండి, జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోండి. ఇంటికొచ్చాక రెండు మూడు నెలల్లో జ్వరమొచ్చినా డాక్టరుకి ఆఫ్రికానుంచి వచ్చానని చెప్పాలి. ఇక్కడివాళ్లు టైఫాయిడ్ అనుకుని రోజులు గడిపేస్తారు.

తిండికి ఇబ్బంది లేదు. ఉగాలీ అనే మొక్కజొన్న సంకటి, చిక్కుడు గింజల కూర, అన్నం, చపాతీ దొరుకుతాయి. చపాతీని వాళ్లూ చపాతీ అనే అంటారు. మ్చిచా అంటే మన తోటకూరే. చింతపండు కూడా ఉంది. కారప్పొడి, ఆవకాయ మీరు పట్టుకెళ్లాలి. ఇరింగాలో జూన్, జూలైల్లో స్వెటర్ కావాలి, ఆఫ్రికా అంటే ఎండే అనుకుని నూలుబట్టలే సర్దకండి. బడిలో మోకాళ్లు దాటే బట్టలే వేసుకోవాలి, చీర, చుడీదార్ బాగా నడుస్తాయి. పెద్దవాళ్లు ఎదురైతే షికమో అనాలి, వాళ్లు మరహబా అంటారు. అది మర్చిపోతే మీకు ఎన్ని డిగ్రీలున్నా మర్యాద తెలియని పిల్ల అనుకుంటారు. ఇంకొకటి, వాళ్లు గంటలు లెక్కపెట్టేది పొద్దున ఆరునుంచి. సా మ్బిలి, రెండు గంటలకి, మీటింగు అంటే పొద్దున ఎనిమిదికి.

చివరిగా, మీరు మాట్లాడుతున్న సంస్థకి ఈ రోజే ఒక మెయిల్ పెట్టండి. నాకు క్లాస్ సి పర్మిట్ ఎవరు, ఎన్నాళ్లలో తెప్పిస్తారు? నేను చెప్పే సబ్జెక్టుకి ఆ బడిలో ఇప్పుడు టీచరు ఉన్నారా? నాకంటే ముందు వచ్చిన వాలంటీరు ఎన్నాళ్లున్నారు, నా తర్వాత ఎవరు చెప్తారు? నా ఫీజులో బడికి ఎంత చేరుతుంది? పిల్లల దగ్గరికి పంపేముందు నా గురించి ఏం తనిఖీ చేస్తారు? హెడ్మాస్టరుతో నేరుగా ఫోన్లో మాట్లాడొచ్చా? ఈ ఆఖరి ప్రశ్నకి కుదరదంటే మిగతావాటికి జవాబు కోసం ఎదురుచూడకండి. జవాబులొస్తే, పేర్లు తీసేసి, ఇక్కడే పెట్టండి. చూసి చెప్తాను.